కాసినోకి ముగ్గు పోసినావిడ

పోయినవారం ఇక్కడ జర్మనీలో, మా బ్యోబ్లింగెన్ ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. రెండు కుటుంబాలు, పిల్లలు, పిల్లల చేతుల్లో కారుతున్న ఐస్‌క్రీములు. వాళ్ళ వెనకాల రెండు ఎత్తయిన గాజుగోడలు, వాటి నడుమ పొడుగ్గా ఒక దారి, దారి చివర సరస్సు. కింద ఇలా రాశారు: "కొత్త కాసినో రిసార్ట్ చూద్దామని వచ్చాం. లోపలికే పోలేదు. ఈ దారిలోనే మధ్యాహ్నమంతా గడిచిపోయింది. సూపర్ ప్లేస్." ఆ కిందే ఒకతను నన్ను పట్టుకుని, "అన్నా, ఇది మీ ఆఫీసు కట్టిందే కదా?" అని అడిగాడు.

బొటనవేలు గుర్తు ఒకటి పెట్టేసి ఫోన్ బోర్లా పెట్టాను. కడుపులో మంట మొదలైంది. ఆ రిసార్ట్‌లో పెద్ద హోటల్ ఉంది. వేడినీళ్ళ కొలనులున్నాయి. నేను ఒక శీతాకాలమంతా కూర్చుని గీసిన మెట్లున్నాయి, గుండ్రంగా తిరుగుతూ, ఎక్కడా స్తంభమన్నది లేకుండా. వాటి ముందు నిలబడి ఎవరూ ఫోటో తీసుకోరు. ఆ దారిలోనే నిలబడతారు. ఆ దారి ఆవిడది.

ఆవిడ ఇప్పుడు లేదు. రిసార్ట్ తలుపులు తెరవకముందే పోయింది. పోయినవాళ్ళ మీద అసూయేమిటండీ, పాపం అంటుంది నా భార్య. ఉన్నన్నాళ్ళూ పడ్డ అసూయ ఆవిడతోపాటు పోవాలి కదా మరి, పోలేదు. నేనేం చెయ్యను? ఆవిడ గురించి రాయమని మా గ్రూపువాళ్ళే అడిగారు, రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఇప్పటికే ఆవిడకి కావలసినంత పేరుంది.

నేను ఈ దేశం వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. విజయవాడలో ఆర్కిటెక్చర్ చదివి, ఇక్కడికొచ్చి మళ్ళీ చదివి, ఆఫీసులో మొదట బాత్‌రూములు, తర్వాత పార్కింగులు, ఆ తర్వాత మొత్తం భవనాలు, అలా ఒక్కొక్కటీ గీసుకుంటూ పైకొచ్చాను. నా జర్మన్ గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, ఫోన్‌లో వింటే నన్ను ఈ పక్క పల్లెటూరివాణ్ణే అనుకుంటారు. రిసార్ట్ పని మా ఆఫీసుకి వచ్చిన రోజు పెద్దాయన, అంటే మా ఆఫీసు యజమాని, నన్ను తన గదిలోకి పిలిచి "ఇది నీది" అన్నాడు. ఆయన అలా ఊరికే అనే మనిషి కాదు. ప్రొజెక్ట్‌లైటర్‌ని, అంటే పని మొత్తానికి పెద్దని, నేనే అవుతానన్నమాట. ఇంటికెళ్ళి చెబితే నా భార్య ఆ సాయంత్రం రవ్వకేసరి చేసింది.

కొన్ని వారాలకి పెద్దాయన మళ్ళీ పిలిచాడు.

"ఒకేసారి వేలమంది వచ్చి, తిని, పడుకుని, ఆడి, ఓడి పోయే చోటు మనలో ఎవరమూ కట్టలేదు. హైదరాబాద్‌లో ఒకావిడ ఉంది. అక్కడ రింగ్ రోడ్డు చుట్టూ పెద్ద పెద్ద పెళ్ళి హాళ్ళు, రిసార్టులు కట్టింది. బ్లూ కార్డు వీసా మీద వస్తోంది. మీ భాషే. నీకు తోడుగా ఉంటుంది," అన్నాడు.

తోడు అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు.

వచ్చింది. యాభై దాటిన మనిషి, కరీంనగర్ దిక్కు. చుడీదార్ మీద ఎర్ర చలికోటు, కాళ్ళకి సైటులో వేసుకునే లావుపాటి బూట్లు. ఆఫీసులోనూ అవే బూట్లు, పెద్దాయన ఇంటికి భోజనానికి పిలిస్తే అక్కడికీ అవే బూట్లు. జర్మన్ రాదు. తర్వాత్తర్వాత నేర్చుకున్న నాలుగు ముక్కలు కూడా క్రియలు లేకుండా వచ్చేవి. నాకంటే ఐదారేళ్ళు పెద్దది, అయినా మొదటిరోజే నన్ను "అన్నా" అంది. నేను "మేడమ్" అన్నాను. చివరిదాకా అలాగే పిలుచుకున్నాం.

కూర్చుని ప్లాను చూడ్డం ఆవిడకి చేతకాదు. కాగితం బల్లమీద పరిచి, నిలబడి, రెండు వేళ్ళు దానిమీద ఆనించి నడిపించేది. చూపుడువేలొక కాలు, మధ్యవేలొక కాలు. అలా నడిపిస్తూ తనలో తను మాట్లాడుకునేది.

"గీడ బస్సు దిగిన్రు... గీడ పోరడు బాత్‌రూమ్ అంటడు... గీడికొచ్చేసరికి ముసలామెకు కాళ్ళు గుంజుతయి... గీడ ఇద్దరు తోడికోడండ్లు ఎదురువడ్తరు, సందు సాలది."

వేళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ ఎర్ర పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టేది. మా ఆఫీసు కుర్రాళ్ళు మొదట్లో ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. నెల తిరక్కుండా ఆఫీసులో ప్రతి బల్లమీదా వేళ్ళు నడవడం మొదలైంది. నేను మాత్రం నడిపించలేదు.

ఎవరైనా తమ డ్రాయింగు చూపిస్తే ఆవిడ అనేది ఒకటే: "మంచిగుంది. ఎవరికోసం?" అంతే, ఇంకో మాట ఉండదు. విమర్శిస్తే వాదించవచ్చు. మెచ్చుకుంటే పొంగిపోవచ్చు. ఈ ప్రశ్నకి ఏం చెయ్యాలి? నా గుండ్రటి మెట్లు చూసి కూడా అదే అడిగింది. అతిథుల కోసం మేడమ్ అన్నాను. "ఏ అతిథి?" అంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

కాసినో నడపబోయే కంపెనీ తరఫున వియన్నా నుంచి ఒకాయన వచ్చేవాడు. సన్నగా, నున్నగా, ఎప్పుడూ బూడిదరంగు సూటులో ఉండేవాడు. మొదటి మీటింగులోనే ఆయన మాకు కాసినో పాఠం చెప్పాడు. ఆటల హాల్లో కిటికీలుండకూడదు, గోడ గడియారం ఉండకూడదు, ఆడేవాడికి పొద్దు తెలియకూడదు, బయటికి పోయే దారి వెతికితే గానీ దొరక్కూడదు. నేను బుద్ధిగా రాసుకుంటున్నాను. ఆవిడ ఎప్పటిలాగే నిలబడి, ఆయన తెచ్చిన ప్లాను మీద వేళ్ళు నడిపిస్తోంది. ఉన్నట్టుండి ఆగింది.

"అన్నా, గీ సారునడుగు. ఓడినోడు యాడ కూసుంటడు?"

"అర్థం కాలేదు మేడమ్."

"ఓడినోడన్నా. ఆట వోయింది. మొకం ఎవరికి సూపియ్యబుద్ధి గాదు. భార్యకు ఫోన్ చెయ్యాలె, ఏం జెప్పాలె? గెలిచినోనికి బారు వెట్టిన్రు, మంచిగనే ఉన్నది. మరి ఓడినోనికి ఏం వెట్టిన్రు?"

నేను అనువదించాను. ఊరికే అనువదించలేదు, దానికి మర్యాద తొడిగి, ఎక్కడా తడబడకుండా, పుస్తకంలో అచ్చువేసుకోదగ్గ జర్మన్‌లో చెప్పాను. వియన్నా ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. తర్వాత లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపాడు. నా పక్కనుంచే వెళ్ళాడు. ఆ వాక్యంలో ఒక్క జర్మన్ ముక్క కూడా ఆవిడది కాదు.

తర్వాత కారణం ఆవిడే చెప్పింది, నేను మళ్ళీ అనువదించాను. "మా దిక్కు ప్రతి పెండ్లిల ఒకరన్న అలుగుతరు సార్. మేనమామనో, చిన్నాయననో, పిల్లగాని బావనో. అలిగినోనికి జాగ లేకపోతె స్టేజి మీదికొచ్చి అలుగుతడు, పెండ్లి ఖరాబైతది. నేను గట్టిన ప్రతి హాలుల వంటల పక్కపొంటి ఒక చిన్న వసారా ఉంటది. ఒక ఫ్యాను, రెండు కుర్సీలు. ఒకటి అలిగినోనికి, ఒకటి బతిమిలాడేటోనికి." బల్ల చుట్టూ ఉన్న జర్మన్లందరూ పగలబడి నవ్వారు. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో నేను ఆయన్ని ఒక్కసారి కూడా అలా నవ్వించలేకపోయాను. అలా ఆ కాసినో ఆటల హాలుకి సరస్సు వైపు ఒక వసారా వచ్చింది, దానిలో కుర్చీలు రెండేసి చొప్పున వచ్చాయి. కిటికీలుండకూడదన్న పాఠం ఏమైందో వియన్నా ఆయనకే తెలియాలి.

అసలు సంగతేమిటంటే ఆవిడ వినయం గల మనిషి కూడా కాదు. వినయం ఉంటే కొంత సర్దుకుపోయేవాణ్ణి. పదిమందిమి కలిసి గీస్తున్నదాన్ని "నా కాసినో" అనేది. సైటులో సారవ కర్రలెక్కి సెల్ఫీలు తీసుకుని కరీంనగర్‌లో ఉన్న మేనకోడళ్ళందరికీ పంపేది. టెర్మిన్, అంటే ముందే ఖాయం చేసుకున్న మీటింగు వేళ, ఆవిడకి ఒక అంచనా మాత్రమే. తొమ్మిదింటి టెర్మిన్‌కి తొమ్మిదిన్నరకి వచ్చి, ఏ సంజాయిషీ లేకుండా, "సురువు జేసిన్రా?" అనేది. నేను ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఈ దేశంలో మొహాలు మాడిపోతాయి. ఆవిడ వస్తే ఎవరో ఒకరు లేచి కాఫీ తెచ్చిచ్చేవారు. నాకీ ఇరవై ఏళ్ళలో ఎవరైనా లేచి కాఫీ తెచ్చారా? తేలేదు.

ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చింది. నా భార్య పిలిచింది, నేను కాదు. గుమ్మంలో బూట్లు విప్పకముందే లోపలికి తొంగిచూసి, "వదినా, ఈ బల్ల గిక్కడెందుకున్నది? వండుకుంట నువ్వు గోడను జూస్తున్నవ్, వాళ్ళేమో నీ వీపు జూసుకుంట తింటున్నరు," అంది. అన్నాక ఊరుకుందా? ఇద్దరూ కలిసి నా ఎదురుగానే భోజనాల బల్లని కిటికీ పక్కకి జరిపేశారు. ఆర్కిటెక్టు ఇంట్లో బల్ల. అది ఇప్పటికీ అక్కడే ఉంది. నా భార్య ఇప్పుడు వంట చేస్తూ మాతో కబుర్లు చెబుతుంది. రోజూ ఆవిడ చూపించిన చోటే కూర్చుని తింటున్నాను.

ఇంకా ఘోరం మా అమ్మాయి. నేను తెలుగులో ఏది అడిగినా జర్మన్‌లో రెండు ముక్కల్లో తేల్చేసే పిల్ల, ఆ పూట ఆవిడ పక్కన చేరి గంటసేపు తెలుగు మాట్లాడింది. మర్నాడు పొద్దున నేను పాలు తాగమంటే, "గట్లనే తాగుత డాడీ, ఆగు జర," అంది. కృష్ణా జిల్లా వాడి కూతురు! నా భార్య నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

"మీరు ఊరికే ఆవిణ్ణి ఆడిపోసుకోకపోతే, చూసి కాస్త నేర్చుకోవచ్చు కదండీ," అంది తర్వాత. మంట మీద కారం చల్లడం అంటే అదే.

ఇక దారి సంగతి. రిసార్ట్ కట్టబోయే చోటు ఒక చిన్న ఊరి చివర పచ్చిక మైదానం. మైదానానికి ఒకపక్క ఊరు, ఇంకోపక్క సరస్సు. మధ్యలోంచి ఒక కాలిబాట. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి ఆ బాటన సరస్సుదాకా నడిచి రావడం ఆ ఊరివాళ్ళకి పూజ లాంటిది. తాతలు నడిచారు, వీళ్ళు నడుస్తున్నారు. నా ప్లానులో హోటలూ ఆటల హాలూ కలిసి ఒకే పొడుగాటి భవనం. అది సరిగ్గా ఆ బాట మీద పడింది. బాటని భవనం చుట్టూ తిప్పి, చెట్లు నాటి, దీపాలు పెట్టి, బెంచీలు వేశాను.

స్కూలు వ్యాయామశాల హాల్లో ఊరి సభ పెట్టారు. నేను స్క్రీన్ మీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడాను. బాగా మాట్లాడాను, ఆ మాట నేను చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పరు. అయ్యాక ముందువరసలోంచి ఒక ముసలామె లేచింది. రిటైరైన టీచరు, చేతిలో కర్ర, కాళ్ళ దగ్గర గోధుమరంగు కుక్క.

"బాగుంది. నేనెక్కడ నడవాలి?" అని అడిగింది.

కొత్త బాట చూపించాను.

"అది చుట్టూ తిరగడం. నేనడిగింది నడవడం," అని కూర్చుంది.

హాలు హాలంతా ఆమెని మెచ్చుకుంటూ బల్లలు చరిచారు. నెల తిరిగేలోగా ఊరి కౌన్సిల్ ఓటు వెయ్యాలి. వాళ్ళు వద్దంటే రిసార్ట్ లేదు, నా ప్రొజెక్ట్‌లైటర్ పదవీ లేదు. పెద్దాయన నావైపు చూశాడు.

తిరుగు రైల్లో ఆవిడ కిటికీకి తల ఆనించుకుని కూర్చుంది. నిద్రపోతోందనుకున్నాను.

"వాళ్ళకు నీ బొమ్మలు గనవడ్డయి గని, జాగ గనవడలె అన్నా," అంది కళ్ళు తెరవకుండానే. "ముగ్గు వోద్దాం."

మన దగ్గర ఇల్లు కట్టేముందు ముగ్గు పోస్తారు కదా. మేకులు కొట్టి, వాటి మధ్య నూలుదారం లాగి, ఆ దారం వెంట పిడికిట్లోంచి తెల్లటి పొడి వదులుతూ పోతారు. పునాది ఎక్కడ తవ్వాలో నేల మీద తెల్లగా తేలుతుంది. విజయవాడ పటమటలో మా ఇంటికి ముగ్గు పోసిన రోజు నేను ఆ గీతల మధ్య వెల్లకిలా పడుకుని ఇది నా గది అని అరిచాను. అదంతా నాది. నా చిన్నతనంలోది, నా వృత్తిలోది, నా ఊళ్ళోది. నాకు తట్టలేదు. ఆవిడకి తట్టింది. ఆవిడ మీద నాకున్న అసూయలన్నిటిలోకీ పెద్దది ఇదే, మిగతావన్నీ దీనికి పిల్లలు.

"ఇక్కడ అలా చెయ్యరు మేడమ్. సర్వేయర్లు వస్తారు, మెషీన్లతో పాయింట్లు పెడతారు. పొలంలో పొడి చల్లాలంటే అనుమతి కావాలి," అన్నాను.

"గదే గదా, నువ్వడుగు. నీకు జర్మన్ వస్తది."

అడిగాను. ఫుట్‌బాల్ మైదానాల్లో గీతలు గీసే సుద్దపొడి అయితే సరేనన్నారు. శనివారం పొద్దున్నే మేమిద్దరం మైదానంలో దిగాం. ఆవిడ బస్తాలోంచి పొడి గుప్పిట్లోకి తీసుకుని, వంగి, బొటనవేలితో వదులుతూ వెనక్కి నడుస్తోంది. గీత ఎక్కడా లావవలేదు, సన్నబడలేదు. నేను దారం కొస పట్టుకుని నిలబడ్డాను.

"గట్టిగ వట్టన్నా, వదులైతుంది," అని కేకలు.

స్థానిక పత్రిక నుంచి ఒకమ్మాయి వచ్చి ఫోటోలు తీసుకుంది. మధ్యాహ్నానికి నా హోటల్, నా ఆటల హాలు, నా గుండ్రటి మెట్లు పచ్చిక మీద తెల్లగా పరుచుకున్నాయి. నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉంది. ఊరి బేకరీ తలుపు మీద ఆవిడ తన జర్మన్‌లోనే ఒక కాగితం అంటించింది. "రేపు కాసినోలో నడక. కుక్క కూడా." నేను దిద్దుతానంటే ఇవ్వలేదు.

ఆదివారం మధ్యాహ్నం వచ్చారు. ఎలాగూ నడవడానికి వచ్చేవాళ్ళే. సన్నటి జల్లు పడుతోంది, గొడుగులతోనే వచ్చారు. పెద్దాయన, వియన్నా ఆయన ఒక పక్కన నిలబడి ఉన్నారు. నేను చూసిన విచిత్రం ఏమిటంటే, ఒక్కళ్ళు కూడా ముగ్గు తొక్కలేదు. చీలమండ ఎత్తు కూడా లేని గీత, కాలితో రాస్తే చెదిరిపోయే పొడి. అయినా గోడ ఉన్నట్టే ఆగి, పక్కనే నడుచుకుంటూ వెళ్ళి, తలుపు కోసం వదిలిన సందులోంచి లోపలికి వెళ్ళి, "ఇది రిసెప్షనా? ఇది భోజనాల హాలా?" అని అడుగుతున్నారు. పిల్లలు గదులు పంచుకుంటున్నారు. ఊరి సభలో కేకలేసిన పెద్దమనిషి ఒకాయన నా కొలనులో నిలబడి ఈదుతున్నట్టు చేతులూపాడు.

టీచరమ్మ చివరికి వచ్చింది, కర్రా కుక్కా. అలవాటైన బాట మీదే తిన్నగా నడుచుకుంటూ వచ్చి, ఆటల హాలు గోడ గీత దగ్గర ఆగింది. కుక్క గీత దాటి అవతలికెళ్ళి వెనక్కి చూసింది. ఆమె దాటలేదు. పక్కకీ తిరగలేదు. కర్ర రెండు చేతులతో పట్టుకుని, సరస్సు కేసి చూస్తూ అలాగే నిలబడింది. నడిచేవాళ్ళందరూ ఒక్కొక్కరే ఆగారు.

నాకు జర్మన్ వచ్చు కదా, వెళ్ళి ఆమెకి నచ్చజెబుదామని ఒక అడుగు వేశాను. ఈలోగా మా ఆవిడ, ఛ, మా ఆవిడేమిటి, ఆవిడ, ముందుకెళ్ళింది. టీచరమ్మ ఎదురుగా ఉన్న గీతని తన బూటుతో తుడిచేసింది. ఇద్దరు మనుషులూ ఒక కుక్కా పక్కపక్కన పోయేంత తుడిచింది. అక్కణ్ణుంచి హాలు మధ్యగా నడిచి అవతలి గోడ దగ్గరికి వెళ్ళి, అక్కడా అంతే తుడిచింది. తిరిగి చూసి, చెయ్యి చాపి, తన జర్మన్‌లో "దారి" అంది. ఆ ఒక్క ముక్కే.

టీచరమ్మ నడిచింది. నా ఆటల హాలు నడిబొడ్డులోంచి కర్ర ఊనుకుంటూ సరస్సుదాకా వెళ్ళింది. ఆమె వెనక కుక్క, కుక్క వెనక ఊరు.

నేను అభ్యంతరాలు చెప్పాను. అన్నీ సరైనవే. కాసినోలోకి గుర్తింపు కార్డు చూపించకుండా ఎవర్నీ పోనివ్వకూడదు, భవనం రెండు ముక్కలైతే అగ్నిప్రమాద ఏర్పాట్లు మారతాయి, వంటగది ఒకవైపు, అతిథులు ఒకవైపు అవుతారు. పెద్దాయన అంతా విని తలూపాడు.

"నువ్వు చెప్పినవన్నీ నిజం. అవన్నీ నువ్వే పరిష్కరించు," అన్నాడు.

కౌన్సిల్ ఒప్పుకుంది. ప్రొజెక్ట్‌లైటర్‌గా ఆవిడ పేరు పెట్టారు. స్థానిక పత్రికలో ముందుపేజీలో ఆవిడ ఫోటో వచ్చింది, ఎర్రకోటు, పిడికిట్లోంచి రాలుతున్న తెల్లపొడి. జాగ్రత్తగా చూస్తే ఫోటో అంచున దారం పట్టుకున్న చెయ్యి ఒకటి కనిపిస్తుంది, మోచేతిదాకా. అది నాది. ఆ తర్వాత నేను ఒక్కొక్క అభ్యంతరాన్నీ పరిష్కరించుకుంటూ కూర్చున్నాను. ఆ దారి పైకప్పు నేను గీసిందే. చాలా బాగుంటుంది. ఎవరూ తలెత్తి చూడరు.

గోడలు లేచాక ఒకరోజు సైటులో ఆవిడ మెట్లమీద సగంలో కూర్చుండిపోయింది. నా గుండ్రటి మెట్లు. "మంచిగున్నయన్నా, కూసునేతందుకు," అంది. ఎగతాళి అనుకున్నాను. కాదు, లేవలేక కూర్చుంది. ఆ తర్వాత స్టుట్‌గార్ట్‌లో ఆసుపత్రి, ఆపరేషన్, మళ్ళీ ఆసుపత్రి. ఆఫీసులో అందరూ పువ్వులు పట్టుకుని వెళ్ళొచ్చారు. టీచరమ్మ కూడా రైలెక్కి వచ్చిందట. నేను వెళ్ళలేదు. చివరికి ఒక పొద్దున సైటుకి పోతూ దారిలో ఆగాను.

భర్త హైదరాబాద్ నుంచి వచ్చి పక్కనే ఉంటున్నాడు. నన్ను చూసి, కూర్చోండి అని, కాఫీకి కిందికి వెళ్ళాడు. ఆవిడ మంచంలో బాగా చిన్నదైపోయి కనిపించింది.

"ఏమన్నా, దారి వడ్డదా?" అంది. అదే మొదటి మాట.

"రాళ్ళు పరిచేశారు మేడమ్. గాజు ఇవాళ ఎక్కిస్తున్నారు."

"వానల జారుతయా రాళ్ళు?"

"జారవు. గరుకువి వేయించాను."

"టీచరమ్మ కర్ర సందులల్ల ఇరుకుతది."

"సందులు సన్నగా పెట్టించాను మేడమ్. నేనే కర్ర తీసుకెళ్ళి పొడిచి చూశాను."

తలూపింది. ఇంకెప్పుడు అడుగుతాను అనిపించింది.

"మేడమ్, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరెప్పుడైనా నన్ను చూసి కుళ్ళుకున్నారా?"

తల తిప్పి నన్ను తేరిపార చూసింది.

"నిన్ను జూసా? ఎందుకన్నా?"

వెటకారం ఉంటే బాగుండును. లేదు. నిజంగానే తెలియక అడిగింది. నా మొహం మాడిపోయి ఉంటుంది, ఆవిడ గమనించింది. పాపం, నాకోసం ఆలోచించడం మొదలుపెట్టింది. ఏదో ఒకటి దొరక్కపోతుందా అని వెతుకుతున్నట్టు పైకప్పు వైపు చూసింది.

"నీ జర్మన్ మంచిగుంటది," అంది చివరికి. మళ్ళీ తనే, "గని దాంతోని నాకు పనివడలె. నువ్వుంటివి గదా," అంది.

"నేను మిమ్మల్ని చూసి కుళ్ళుకుంటానని మీకు తెలుసా?"

"గది అందరికి ఎరుకేనాయె. నీ మొకంలనే గనవడ్తది. ఏం గాదన్నా, పనిమీద ప్రేమ, పావురమున్నోనికి గట్లనే ఉంటది."

అంత తేలిగ్గా తీసేసింది. ఇన్నేళ్ళు ఒక్కణ్ణే పరుగుపందెంలో పరిగెత్తానన్నమాట. కోపం వచ్చింది, జబ్బు మనిషి మీద కోపమేమిటని సిగ్గూ వచ్చింది. లేచాను. క్రేన్ వచ్చేసి ఉంటుంది, వెళ్ళాలి మేడమ్ అని, కుర్చీ కింద పెట్టిన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాను.

ఆవిడ ఆ హెల్మెట్ వైపు చూసింది.

"సైటుకా?"

"అవును మేడమ్."

"గాజు ఎక్కంగనే సరస్సు దాంట్ల వడ్తది. రెండు దిక్కుల గనవడ్తది."

"అవునండీ. ఎండ కూడా ఉంది ఇవాళ."

ఆవిడ దుప్పటి అంచు వేళ్ళతో పట్టుకుంది. నేను తలుపుదాకా వెళ్ళాక పిలిచింది.

"అన్నా. గిప్పుడు."

"ఏంటి మేడమ్?"

"గిప్పుడైతే నిన్ను జూసి ఓర్వలేకున్న."

నవ్వలేదు. పొమ్మన్నట్టు చేత్తో సైగ చేసి, గోడవైపు తిరిగి పడుకుంది.

లిఫ్టు వచ్చి, తలుపులు తెరుచుకుని, మూసుకుని పోయింది. నేను ఎక్కలేదు. ఏళ్ళతరబడి ఆవిడ నోటినుంచి వినాలనుకున్న మాట అదే. విన్నాను. తిరిగి ఇచ్చేద్దామని గది తలుపుదాకా వెళ్ళాను కూడా. ఏమని ఇవ్వాలో తెలియలేదు. సైటుకి పోయాను. గాజు ఎక్కింది. ఆవిడ చెప్పినట్టే సరస్సు రెండు దిక్కులా కనిపించింది. చూడ్డానికి నేనున్నాను.